అంతా సెట్టింగేనండి

ద్రాక్షారామంలో ఏ వీధికెళ్లినా ఒక సెట్టింగు బాబాయి ఉంటాడు. దెయ్యం లేదు, భూతం లేదు, తెరమీద కనిపించేదంతా సెట్టింగేనని తేల్చేసిన మనిషి. సంక్రాంతి బరిలో కోడి కాలికి కత్తి కట్టి వదిలితే రెప్ప వెయ్యకుండా చూస్తాడు; పైగా కట్టినవాడికి కట్టడం రాలేదంటాడు. పండక్కి హైదరాబాదు నుంచి దిగిన అన్నగారబ్బాయి రాత్రి భోజనాలయ్యాక ఇలాంటి బాబాయిని టీవీ ముందు కూర్చోబెట్టి, 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ పెట్టాడు.

“మనకివి కొత్తేంట్రా? మన పసలపూడి వంశీ తీసిన ‘అన్వేషణ’ 1985లోనే చూసేశాం. వర్మ ‘రాత్రి’కి హాలంతా కళ్లు మూసుకుంటే నేనొక్కణ్ణే జంతికలు తింటా కూర్చున్నా” అన్నాడు బాబాయి. ‘అన్వేషణ’ చూడనివాళ్లు ఎదురుగా ఉంటే హంతకుడెవరో కూడా చెప్పేస్తాడు. ఆయన ధైర్యంలో సగం ఇదే. చంపేది ఎవరో తెలిసిపోయాక ఇంక భయమెందుకుంటుంది?

ఇక్కడే ఇబ్బందొచ్చింది. ‘హాలోవీన్’లో చంపేది ఎవరో మొదటి సీన్లోనే తెలిసిపోతుంది. ఆరేళ్ల పిల్లాడు సొంత అక్కని పొడిచి, కత్తి పట్టుకుని వీధిలో నిలబడతాడు. బాబాయి కాళ్లు మెల్లగా సోఫా మీదికి వచ్చేశాయి.

“నేల చల్లగా ఉందిరా.”

భయమేస్తే మామూలు మనిషి కళ్లు మూసుకుంటాడు. సెట్టింగు బాబాయి కళ్లజోడు పెట్టుకుని ఫోన్లో వెతుకుతాడు.

“ఒరే, మొత్తం ఖర్చు మూడు లక్షల డాలర్ల చిల్లరేనట!” తెరమీద ఎవరో ఎవరి గొంతో నులుముతున్నారు. “ఆ హంతకుడి మాస్కు రెండు డాలర్లు కూడా చెయ్యదట. స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కిర్క్ మొహం కొనేసి, తెల్లరంగు పూశారంతే.” తెరమీద కత్తి లేచింది. “ఆ ఎండుటాకులు కూడా ఉత్తివే. రంగేసి చల్లడం, షాటవ్వగానే ఏరుకురావడం, మళ్లీ చల్లడం...”

“మరి ఆ పిల్లేమైందండీ?” అంది పిన్ని.

“ఏ పిల్ల?”

ఒక్కచోట మాత్రం ఆయన ఫోన్ కింద పెట్టి నిటారుగా కూర్చున్నాడు. “ఆపు ఆపు! వెనక్కి తిప్పు. ఆ చెట్టేంటి?” కథ జరిగేది ఇల్లినాయ్‌లో, చలిదేశం, తీసింది కాలిఫోర్నియాలో. వీధి చివర తాటిజాతి చెట్టొకటి దొరికిపోయింది. పుట్టి బుద్ధెరిగాక కొబ్బరిచెట్ల మధ్యే బతికినవాడి కళ్లు కదండీ! పావుగంటసేపు ఆయన ముఖం వెలిగిపోయింది.

నిజానికి ఈ సినిమాలో కనిపించే నెత్తురు మన బరిలో ఒక్క పందేనికి చాలదు. భయపెట్టేది చంపడం కాదు, వాడలా ఊరికే నిలబడటం. కంచె పక్కన నిలబడతాడు, పట్టపగలు దండెం మీద ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడతాడు. మిగతా పని కార్పెంటరే కట్టిన ఆ పియానో బాణీ చేసుకుపోతుంది. సంగీతం కలపకముందు సినిమా చూసిన ఒక స్టూడియో అధికారిణికి ఏమాత్రం భయం వెయ్యలేదని ఆయనే చెప్పుకున్నాడు. బాబాయికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా రిమోట్ తీసుకుని సౌండు తగ్గించుకుంటూ సున్నాకి తెచ్చేశాడు.

“పక్కింట్లో చంటిపిల్లున్నాదిరా.”

ఆ చంటిపిల్ల కిందటేడాదే ఇంజనీరింగులో చేరింది.

సినిమా అయ్యాక బాబాయి లేచి, ఒళ్లు విరుచుకుని తీర్పు చెప్పాడు. “ఆరు గుళ్లు తగిలి మేడ మీంచి పడ్డోడు లేచెళ్లిపోవడమేంటండి, ఎక్కడైనా ఉందా? సెట్టింగు!” వీధి తలుపు గడియ వేసి, లాగి చూశాడు. దొడ్డి తలుపు దాకా వెళ్లి, కిటికీలోంచి బయటికి చూసి చప్పున వెనక్కొచ్చాడు.

“ఏమేవ్, దండెం మీద దుప్పట్లు తియ్యలేదేం?”

“ఇంకా ఆరలేదండీ.”

“ఆరకపోయినా తీసెయ్. మంచు పడుద్ది.”

“మీరే తీసుకురండి మరి.”

ఆయన ఆలోచించాడు. “పోన్లే, పండగపూట మంచు పడితే ఏమవుద్ది?”

రాత్రి ఒంటిగంటకి అన్నగారబ్బాయి మంచం దగ్గర టార్చిలైటు వెలిగింది.

“ఒరే అబ్బాయ్, పడుకున్నావా? ఇంతకీ వాడు ఎక్కడికెళ్లినట్టు?”

“రెండో పార్టులో తెలుస్తుంది బాబాయ్. 1981లో వచ్చింది. పెట్టనా?”

“ఇప్పుడొద్దులే. పొద్దున్న టిఫినయ్యాక పెట్టు. రాత్రిపూట టీవీ చూస్తే కళ్లకి మంచిది కాదంట... కాస్త ఇటు జరుగు, అక్కడ ఫ్యాను సరిగా తిరగట్లేదు.”

జనవరి చలికి ఆ ఇంట్లో ఫ్యాన్లు వేసి నెలైంది.