నా పెద్ద చక్రానికి 32 పళ్లు

నేను క్యాసెట్‌ని. రోడ్డు సైకిల్ వెనక హబ్బుకు కుడిపక్కన, చిన్నది బయటికీ పెద్దది పుల్లల వైపుకూ ఉండేలా బిగించిన ఎనిమిది ఉక్కు చక్రాలే నా ఒళ్లు. వాటి పళ్లు వరుసగా 11, 13, 15, 18, 21, 24, 28, 32. గొలుసు వీటిలో దేనిమీద కూర్చుందన్నదాన్ని బట్టే ఆ పూట కాళ్లకు పడే బరువు. సైకిల్ కొనడానికి వచ్చినవాళ్లు ఫ్రేము రంగు చూస్తారు, బరువు ఎత్తి చూస్తారు, బ్రేకు నొక్కి చూస్తారు. నా పళ్లు లెక్కపెట్టేవాళ్లు అరుదు. నన్ను ఎంచుకున్న ఇంట్లో మాత్రం మొదటి లెక్క నా దగ్గరే మొదలైంది.

మాది కొండాపూర్. హైటెక్ సిటీ పక్కనున్నది కాదు. సంగారెడ్డి దాటాక వచ్చే కొండాపూర్, శాతవాహనుల నాణేలూ పూసలూ బయటపడ్డ పాత దిబ్బ, దాని మ్యూజియం ఉన్న ఊరు. మా అమ్మాయి పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. వాళ్ల నాయిన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లేత్ మీద టర్నరుగా చేసి రిటైరయ్యాడు. థ్రెడ్డు కోయాలంటే ఏ గేరుకు ఏ గేరు జోడించాలో లెక్కగట్టి బిగించిన చేతులు ఆయనవి. పళ్లంటే ఆయనకు కొత్త కాదు.

షాపులో రెండు బండ్లు ఆమెకు నచ్చాయి. ఒకటి నేనున్నది: ముందు 50, 34 పళ్ల చక్రాలు. రెండోది ఎవరో వాడి అమ్మిన రేసు బండి: ముందు 53, 39, వెనక 12 నుంచి 25 దాకా. ధర దాదాపు ఒకటే, రేసు బండి తేలిక కూడా.

"అక్కా, ఇది రేసులు తొక్కినోళ్ల బండి. మస్తు స్పీడు పోతది" అన్నాడు షాపు పిల్లవాడు.

"స్పీడు సంగతి తర్వాత జూద్దాం బిడ్డా. ముందల చిన్నది ఎంత, ఎనక పెద్దది ఎంత?" అన్నాడు నాయిన. కాగితం అడిగి తీసుకున్నాడు.

ఆయన లెక్క ఇది. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. రేసు బండిలో అన్నిటికన్నా తేలిక గేరు 39ని 25తో భాగిస్తే 1.56. నా దగ్గర 34ని 32తో భాగిస్తే 1.06. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. నిటారు ఎత్తులో గంటకు 8 కిలోమీటర్ల వేగమే మిగిలిందనుకుందాం. రేసు బండి మీద కాళ్లు నిమిషానికి 41 చుట్లే తిరుగుతాయి. ఒక్కో తొక్కుడూ మోకాలి మీద పడే బరువే. నా మీద అదే వేగానికి 60 చుట్లు. ఎక్కడానికి కావలసిన శక్తి రెండింటికీ దాదాపు ఒకటే, నేను దాన్ని తగ్గించలేను. దాన్ని చిన్న చిన్న తొక్కుళ్లుగా పంచి ఇస్తాను.

"మరి దీని మీద స్పీడు తక్కువైతదా నాయినా?" అని అడిగింది ఆమె.

50ని 11తో భాగించి, నిమిషానికి 90 చుట్లు వేసి చూపించాడు: గంటకు 50 కిలోమీటర్ల పైమాటే. దిగుడులో తప్ప ఆ వేగం కొత్తగా తొక్కేవాళ్లకు అందేది కాదు. బరువు గేరు చాలకపోతే కాళ్లు ఆపి జారిపోవచ్చు. తేలిక గేరు చాలకపోతే దిగి నెట్టాలి. అందుకే మొదటి బండి కొనేవాళ్లు చూడాల్సింది ముందు చిన్నది, వెనక పెద్దది. ఈ మాట నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఎన్నో మంచి సైకిళ్లు ఎత్తు దగ్గర ఒకసారి ఏడిపించాక గోడకు చేరతాయి.

తేలిక గేరు బలహీనులకనే పట్టుదల పాతది. టూర్ డి ఫ్రాన్స్‌ను నడిపిన ఆన్రీ దెగ్రాంజ్ దగ్గర గొలుసును పక్క చక్రానికి మార్చే డిరైలర్‌కు చోటు లేకపోయింది. రేసుగాళ్లు కొండ మొదట్లో దిగి, వెనక చక్రం విప్పి, రెండో వైపునున్న తేలిక పళ్లకు తిప్పి బిగించుకునేవారు. 1937లో గానీ ఆ పోటీలో డిరైలర్‌కు అనుమతి రాలేదు. అంతటి మొనగాళ్లకే అక్కరపడింది, ల్యాబు షిఫ్టు దిగి తొక్కేవాళ్లకు అక్కర ఉండదా?

నా లోటూ చెప్పాలి. ఎనిమిది చక్రాలతో 11 నుంచి 32 దాకా చాచుకోవాలంటే మధ్యలో గంతులు పెద్దవవుతాయి. 15 తర్వాత నాకు 18. మా జాతిలోనే 11-28 రకంలో 15, 17, 19 ఉంటాయి. జాతీయ రహదారి 65 మీద సదాశివపేట నుంచి సంగారెడ్డి వైపు వానాకాలపు పడమటి గాలి వీపున తోస్తుంటే ఆమె గంటకు 31 కిలోమీటర్ల దాకా పోతుంది. అప్పుడు ముందు 50, వెనక 18 మీద కాళ్లు నిమిషానికి 89 చుట్లు కొట్టాలి. 15కి మారిస్తే ఒక్కసారిగా 74కు పడిపోతాయి. 17 పళ్లది ఉంటే ఆ చోట హాయిగా ఉండేది. రోజూ చదును రోడ్డు మీదే, గుంపుతో పోటీగా తొక్కేవాళ్లయితే నన్ను కాదు, ఆ 11-28ని తీసుకోవాలి. కొల్లూరు దాకా ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సౌర పలకల కప్పు సైకిల్ దారిలో తిరిగేవాళ్లకూ అదే నయం.

మా అమ్మాయి దారి వేరు. సెలవు రోజుల్లో సదాశివపేట, మోమిన్‌పేట మీదుగా వికారాబాద్ చేరి అనంతగిరి ఎక్కుతుంది. మొదటిసారి ఎక్కినప్పుడు మలుపు మొదట్లోనే ముందు గొలుసును 34 మీదికి దించుకుంది. అదే సరైన పద్ధతి. కాళ్లు బిగుసుకున్నాక, పెడల్ మీద బరువంతా ఉన్నప్పుడు మారిస్తే నా పళ్ల మీద గొలుసు కరకరలాడుతుంది, ఒక్కోసారి జారుతుంది. తర్వాత నా మీద ఒక్కో మెట్టూ మార్చుకుంటూ 28కి, చివరి ఎత్తులో 32కి వచ్చింది. ఊపిరి వేగంగా ఉన్నా లయ తప్పలేదు. పుల్లల పక్కన ఆ పెద్ద చక్రం గొలుసు బరువంతా మోస్తుంటే నా పుట్టుకకు అర్థం అక్కడ తెలిసింది.

ఆమె ఒక్కటి ఎప్పుడూ చేయదు: ముందు 50, వెనక 32 కలపడం. అలా పెడితే గొలుసు ఏటవాలుగా లాగుతుంది, త్వరగా అరుగుతుంది. ఆ జోడీతో వచ్చే 1.56కి దగ్గరిది ముందు 34, వెనక 21తోనే దొరుకుతుంది. కాగితం మీద పదహారు గేర్లున్నా సగానికి సగం ఒకదాని మీద ఒకటి పడేవే.

నాయిన ఇప్పటికీ ఉక్కు స్కేలుతో గొలుసు కొలుస్తాడు. కొత్త గొలుసులో పన్నెండు అంగుళాలకు పిన్ను సరిగ్గా గీత మీద ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు ముందుకు జరిగిందంటే గొలుసు మార్చే వేళయినట్టే, లేకపోతే సాగిన గొలుసు నా పళ్లను కూడా తినేస్తుంది. నా 18, 21, 24 కాస్త నిగ్గు తగ్గాయి. 11 ఇంకా కొత్తదానిలాగే ఉంది.

ఇప్పుడామె 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ సవారీకి, పేరిచ్చింది. పదమూడున్నర గంటల్లో ముగించాలి, అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు సుమారు 15 కిలోమీటర్లు పడాలి. "ఎనక 34 పళ్లది ఏయిద్దామా బిడ్డా?" అని అడిగాడు నాయిన. ఆమె ఆ దారిలోని ఎత్తులు చూసుకుని 32 చాలంది. గొలుసు మాత్రం కొత్తది వేయించింది.