వారంటీ ఉంది... దేనికి?

ఇబ్రహీంపట్నంలో కారు మొరాయిస్తే సాగర్ రోడ్డు మీదుగా సిటీ షోరూమ్‌కు లాక్కెళ్లాలి. అసలు ప్రయాణం అక్కడ మొదలవుతుంది. క్లచ్ పోయిందా? అరుగుదల కింద లెక్క, వారంటీ రాదు. గేర్‌బాక్స్ మూలిగిందా? మీ డ్రైవింగ్ లోపం, రాదు. వైర్లు ఎలుక కొరికిందా? ఎలుకతో కంపెనీకి ఒప్పందం లేదు, రాదు. డీలరేమో ‘కంపెనీ ఒప్పుకోలేదండీ’ అంటాడు. కంపెనీ ‘డీలర్‌నే అడగండి సార్’ అంటుంది. అదనంగా డబ్బు కట్టించుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ వాళ్లు ‘ముందు ఫొటోలు పంపండి’ అంటారు. ముగ్గురికీ మాట కలిసేది బిల్లు దగ్గరే. లేబర్ ఛార్జీ, దాని నెత్తిన 18 శాతం జీఎస్టీ!

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం కారు ఎక్కడ కొన్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చంటోంది. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. అంతకుముందే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టొచ్చు. కాబట్టి షోరూమ్‌వాళ్లు రాసిచ్చిన జాబ్ కార్డు దాచుకోండి, ‘రాదు’ అన్న మాటను కాగితం మీద రాసిమ్మనండి. సంతకం పెట్టాల్సి వచ్చేసరికి మేనేజర్‌గారికి ‘గుడ్‌విల్ డిస్కౌంట్’ గుర్తొస్తుంది. మంచితనం ఉంది, అడిగితేగానీ స్టాక్‌లోంచి తీయరంతే!