ఉయ్యాల్లో ఇంగ్లీషు మీడియం

బడుల్లో ఏ మీడియం ఉండాలన్న దాని మీద మనం హైకోర్టుకెక్కాం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఇంగ్లీషు మీడియం జీవోని కొట్టేశాక సుప్రీం గడప కూడా తొక్కాం. ఉయ్యాలకి అంత శ్రమ అక్కర్లేకపోయింది. ఒక్క రీలు చాలింది: "రెండేళ్లొచ్చినా బాబుకి మాటలు రాలేదా? ఇంట్లో తెలుగు ఆపేయండి. ఇంగ్లీషొక్కటే మాట్లాడండి."

ఆపేశారు కూడా! మా తునిలో ఒకావిడ వంకాయల బేరమాడితే తాండవ నది అవతల పాయకరావుపేటకి వినిపించేది. ఆ గొంతులో ఇప్పుడు మిగిలినవి "కమ్, సిట్, ఈట్, నో". కుక్కపిల్లని పెంచడానికైతే ఈ నాలుగూ దండిగా సరిపోతాయి.

నాయనమ్మకి మౌనవ్రతం. "లాల పోసుకుందాం రా నాన్నా" అనబోయి, కోడలి మొహం చూసి, "బాత్, బాత్" అని సర్దుకుంటుంది. బువ్వ, లాల, జోజో... పసినోటికి ఇట్టే పట్టే మాటలన్నీ అటకెక్కాయి. వాటి చోట గోడ మీద ఇరవై ఆరు బొమ్మల చార్టు దిగింది. అందులో జీబ్రా ఉంది, ఇగ్లూ ఉంది. తునిలో పుట్టిన బిడ్డకి తొలిపలుకులుగా ఇంతకన్నా ఏం కావాలి?

సాయంత్రం తండ్రి వస్తాడు, పరీక్ష మొదలు. "వాట్ ఈజ్ దిస్?" పిల్లాడు పిట్టగోడ మీది కాకిని చూపించి "కా" అంటాడు. తప్పు! "క్రో" అనాలి. మళ్లీ అడిగితే వేలు కూడా చూపించడు. "చూశారా, ఒక్క మాటా లేదు" అని తల్లి కళ్లొత్తుకుంటుంది.

ఒక్క మాటా లేకపోవడమేమిటి? ఇప్పుడే అన్నాడు కదా! రెండేళ్లవాడు ఒకదాన్ని వేలెత్తి చూపించి, ప్రతిసారీ అదే శబ్దం చేస్తే అది మాటే. ఏ భాషలో అన్నా లెక్కలోకి వస్తుంది. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది పచ్చి అబద్ధం. బరంపురం తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వింటూ పెరిగారు. వాళ్లలో ఎవరి నోరు పడిపోయింది? బిడ్డ నోరు తెరిపిస్తామని స్పీచ్ థెరపీ పేరుతో ఫీజు పుచ్చుకుని తల్లి నోరు మూయించడం వైద్యమా, దౌర్జన్యమా?

నా కోపమంతా ఇక్కడే. ఇంటి భాష మార్చమన్నవాళ్లలో ఒక్కడైనా "చెవి పరీక్ష చేయించారా?" అని అడిగాడా? "వినిపిస్తుందండీ, తలుపు కొడితే తిరుగుతాడు" అంటారు ఇంట్లోవాళ్లు. తలుపు చప్పుడు వినిపించే చెవికి "స" వినిపించకపోవచ్చు. వినికిడి లోపాన్ని పట్టుకోవడానికే బెరా అనే పరీక్ష ఉంది. బిడ్డ నిద్రపోతుండగానే చేస్తారు. ఎదుగుదలలో జాప్యాన్ని చిన్నప్పుడే పట్టుకోవాలని రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లోనే మొదలైంది. అయినా మనకి రీలే దగ్గర.

తక్కిన సలహాదారులకి తలో వాక్యం. చిలక కొరికిన జామపండు పెట్టమనేవాళ్లు కనీసం పండు పెడుతున్నారు. వసకొమ్ము అరగదీసి నాకించేవాళ్లకి: అమెరికాలో 1968లోనే దాన్ని తిండిలో వాడకుండా నిషేధించారు. ఫోన్ చూసి మాటలు నేర్చుకుంటాడనేవాళ్లకి: ఫోన్ ఎవరి జవాబు కోసమూ ఆగదు. "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకిగానీ మాటలు రాలేదు" అనేవాళ్లకి: ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది వాళ్లంతట వాళ్లే అందుకుంటారు, నిజమే. ఎవరు అందుకుంటారో, ఎవరు అందుకోరో మీ బామ్మర్ది చెప్పలేడు. పద్దెనిమిది నెలలకి ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకి "అమ్మా, పాలు" అని రెండు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా డాక్టరుకి చూపించాలి. అంతే.

ఇంట్లో చేయాల్సింది ఇంకా తేలిక. మీకు వచ్చిన భాషలో, చేస్తున్న పని చెబుతూ మాట్లాడండి. అడిగాక కాసేపు ఆగండి, వాడికి వంతు ఇవ్వండి. వాడు "బస్" అంటే "ఎర్ర బస్సు వచ్చింది" అని ఒక ముక్క కలిపి తిరిగివ్వండి. "అను, అను" అని ప్రాణం తీయకండి. వేలు చూపించినా, చెయ్యూపినా బదులివ్వండి.

అప్పటికీ ఎవరైనా తెలుగు మానెయ్యమంటే రెండే అడగండి. చెవి పరీక్ష రిపోర్టు చూశారా? భారత పునరావాస మండలిలో మీ రిజిస్ట్రేషన్ నంబరెంత? రెండింటికీ నీళ్లు నమిలితే డబ్బు జేబులోనే ఉంచుకుని లేచి వచ్చేయండి. వచ్చేటప్పుడు ఏమనాలనిపిస్తే అది తెలుగులోనే అనండి.