తప్పు పుస్తకానిదే అన్నాను

‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ స్టార్టర్ సెట్‌లో కథ రాసినవాళ్లకి ఆట తెలియదని చాలాకాలం కనిపించినవాళ్లందరికీ చెప్పాను. మల్కాపురంలో నాతో ఆడిన ముగ్గురూ నా మాట నమ్మారు కూడా.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన ఆట ఇది. ఒకడు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఏం చేస్తారో నోటితో చెబుతారు, కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మేం పట్టుకున్నది 2014లో వచ్చిన ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’. బండి తోలుకుని వెళ్తుంటే దారికి అడ్డంగా రెండు చచ్చిన గుర్రాలు. అటూ ఇటూ పొదల్లో నాలుగు గాబ్లిన్లు.

మొదటి లెవెల్ మంత్రగాడికి ప్రాణం పాయింట్లు పది కూడా ఉండవు. గాబ్లిన్ బాణం ఒక్కటి బాగా తగిలితే ఎనిమిది పోతాయి. నాలుగింటినీ పొదల్లోనే ఉంచి వరసగా బాణాలు వేయించాను. పడిపోయినవాళ్లనీ వదల్లేదు. ముగ్గురూ పోయారు. షిప్‌యార్డులో షిఫ్టు దిగి నేరుగా వచ్చిన ఫిట్టర్ మిత్రుడు “ఏటిరా ఇది, పేరు పెట్టుకున్నంతసేపు కూడా బతకలేదు” అని తన పాత్ర కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పుస్తకం అలా ఉంది, నేనేం చేస్తాను అన్నాను.

తరవాతెప్పుడో అతనే ఆ పుస్తకం అడిగి తీసుకున్నాడు. డ్రాయింగ్ చేతికొస్తే ముందు మూలనున్న నోట్లు చదివే అలవాటు అతనిది. నాకు మూడు చోట్లు చూపించాడు. ఈ కథ నలుగురైదుగురికి. రెండు గాబ్లిన్లు మీదికొస్తాయి, రెండే దూరం నుంచి బాణాలు వేస్తాయి. ఒకవేళ అవే గెలిస్తే చంపవు, స్పృహ తప్పినవాళ్లని దోచుకుని పోతాయి.

ఇవేవీ నా కంటబడలేదు. గేమ్ మాస్టర్ అంటే ఎదురుపార్టీ అనుకున్నాను, గెలవాలనుకున్నాను. గెలవడానికి కావలసిన అంకెలు మటుకు శ్రద్ధగా చదివాను.

పుస్తకానికి అసలు తప్పే లేదని మాత్రం అనను. కొత్తవాళ్ల కోసం వేసిన పెట్టెలో మొదటి పోరాటమే అంత గట్టిగా పెట్టడం, ఓడిపోతే ఏం చేయాలన్నది జరగదనుకున్న సంగతిలా చెప్పి వదిలేయడం నాకిప్పటికీ నచ్చవు. గైగాక్స్ 1978లో అచ్చువేసిన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ ఆటగాళ్లని చంపడానికే కట్టిన సమాధి. అక్కడ చావు వస్తే రాసినవాడినే అడగాలి. ఇక్కడ అడగాలంటే ముందు రాసినట్టు ఆడించి ఉండాలి. నేను ఆడించలేదు.

ముగ్గురికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మంత్రగాడిగా ఆడినవాడు, “అయితే నావాడు ఇప్పుడు ఎక్కడుండాలి?” అన్నాడు. దారి పక్కన పడి ఉంటాడు, లేచి ఫాండాలిన్ ఊరికి నడిచి, సామాను కొనుక్కుని, తిరిగొచ్చి గాబ్లిన్ల జాడ పట్టొచ్చు అని చదివి వినిపించాను.

“సరే, అక్కణ్ణించే మొదలెట్టు” అన్నాడు.