ఉపధాన దీపిక

మూలం

దిండు కొనెడివాడ! దీని మెత్తన చూడ
కుండ నంచుఁ జూడు, కోతఁ జూడు;
మూతితొడుగు గాలి ముఖముపైఁ జిమ్మక
గొట్టమూరకుండుఁ, గునుకు పట్టు.

అవతారిక

కవి పేరు ప్రతిలో లేదు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు సీపాప్ మిషన్ తెచ్చుకుని, మాస్కుతో ఎలాగో రాజీపడి, చివరికి దిండు దగ్గర చిక్కుకున్న గృహస్థని లోపలి సాక్ష్యం చెబుతోంది. కాలనిర్ణయానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. సిడ్నీలో కాలిన్ సలివన్ బృందం ఈ చికిత్సను 'లాన్సెట్' పత్రికలో ప్రకటించింది 1981లో గనక పద్యం అంతకు ముందుది కాదు. ఆ తొలినాళ్లలో మాస్కును రాత్రి రాత్రీ ముక్కుకు జిగురుతో అంటించేవారు. పద్యంలో తొడుగూ గొట్టమూ ఉన్నాయి గానీ జిగురు ఊసు లేదు. కాబట్టి కవి పట్టీల యుగం వాడే.

ప్రతిపదార్థం

దిండు కొనెడివాడ = పరుపుల షాపులో సేల్స్‌మన్ ఎదుట నిలబడిన ఓయీ!; దీని మెత్తన = ఈ దిండు మృదుత్వమును; చూడకుండన్ = అరచేత్తో నొక్కి మురిసిపోకుండా; అంచున్ = పక్క వారను; చూడు = పరికింపుము; కోతన్ = చెంప దగ్గర మాస్కు కోసం తీసేసిన వంపును; చూడు = మళ్లీ పరికింపుము; (అట్లు చూచినచో) మూతితొడుగు = మాస్కు; గాలి = మిషన్ పంపు గాలిని; ముఖముపైన్ = ముఖముపై, విశేషించి కంటిలోనికి; చిమ్మక = వెదజల్లక; గొట్టము = ఆరడుగుల ట్యూబు; ఊరకుండున్ = లాగక, ఈలవేయక ఉండును; కునుకు = రాత్రి నిద్ర (ఆఫీసులో మధ్యాహ్నం వచ్చునది కాదు); పట్టున్ = కలుగును.

తాత్పర్యం

మాస్కు పెట్టుకునేవాడికి దిండు ఉన్నచోటు కన్నా లేనిచోటు ముఖ్యమని భావం.

వివరణం

'మెత్తన చూడకుండ' అన్నందుకు పరుపుల వ్యాపారులు నొచ్చుకుంటారు. కవి మెత్తదనానికి శత్రువు కాడు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు జరిగేది చూడండి. చెంప దిండులోకి దిగుతుంది. దిగిన కొద్దీ పక్కనున్న దూది పైకి పొంగి మాస్కు మూలను నెడుతుంది. మాస్కు అంచున ఉండే పల్చటి సిలికాన్ పెదవి అక్కడ మడత పడుతుంది. ఆ మడత సందులోంచి గాలి సన్నగా బయలుదేరి సూటిగా కంట్లోకి కొడుతుంది. తెల్లారేసరికి కళ్లు ఎండిపోయి, ముక్కు పక్కన ఎర్రటి గీత. దిండు ఎంత మెత్తనైతే పొంగు అంత ఎక్కువ. మైక్రోఫైబర్ దిండు ఈ విషయంలో మహా మొండిది. గుద్ది అణిచినా ఊపిరి తీసినంతలో లేచి కూర్చుంటుంది.

బూరుగు దూది దిండుకు ఆ పొగరు లేదు. పిడికిలితో ఒక పక్క అదిమితే దూది అవతలికి జరిగి, ఆ గుంట చాలాసేపు గుంటగానే ఉంటుంది. అందులో మాస్కు సుఖంగా ఇముడుతుంది. ఆర్నెల్లకు ఉండలు కడుతుంది, దుమ్ము పడనివారికి తుమ్ములు తెప్పిస్తుంది, అప్పుడప్పుడూ ఎండలో వేసి కొట్టాలి; అయినా ఈ వ్యాఖ్యాత ఓటు దానికే. మెమొరీ ఫోమ్ 1960లలో నాసా కోసం, సీట్ల మెత్తల పనిలో పుట్టింది. మన ఎండలకు అది వేడెక్కి మెత్తబడుతుంది, ఏసీలో బిగుసుకుంటుంది. పక్క మార్చినప్పుడు పాత గుంటను కాసేపు మరిచిపోదు. మాస్కేమో అప్పటికే కొత్త చోట ఉంటుంది.

'కోత' అంటే రెండు పక్కలా వంపు తీసి సీపాప్ వాళ్ల కోసమే అమ్మే దిండు. దానికి డబ్బు పెట్టలేనివాడికి 'అంచు' చాలు. తల దిండు వారకు జరిపి, చెంప మాత్రం ఆనించి, మాస్కును గాలిలోకి వదిలెయ్యడం. కవి కోత కన్నా ముందు అంచు చెప్పడంలోని ఔచిత్యం ఇదే: ఖర్చు లేనిది ముందు.

దిండు ఎత్తు గురించి పద్యంలో లేదు, టీకాలో ఉండాలి. పక్కకు పడుకునేవారికి మెడ నుంచి భుజం కొస దాకా ఉన్న ఖాళీ నిండేంత ఎత్తు కావాలి. వెల్లకిలా పడుకునేవారికి అంత ఎత్తు పనికిరాదు. గడ్డం రొమ్ముకు ఆనుకుంటే గొంతులో దారి ఇంకా ఇరుకవుతుంది. మిషన్ 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టం పీడనంతో తెరవాలని చూస్తున్న దారినే దిండు మూస్తుందన్నమాట.

గాలి రెండు విధాలు: పోకూడనిది, పోవలసినది. చెంప సందులోంచి పోయేది మొదటిది. మాస్కు మీద సన్నటి బెజ్జాల్లోంచి పోయేది రెండోది. అది మనం విడిచిన ఊపిరి. మొదటిదాన్ని ఆపే ఆత్రంలో దిండుతో బెజ్జాలు మూస్తే విడిచిన గాలే మళ్లీ పీల్చాల్సి వస్తుంది.

గలేబు మాట. గంజి పెట్టిన నూలు గలేబు తల తిప్పినప్పుడల్లా పట్టీని పట్టుకుని లాగుతుంది. నున్నటిది మేలు. గొట్టం తలాపు మీదుగా రావాలి. దోమతెర ఉన్న ఇంట్లో తెర కర్రకే ఒక గుడ్డపేలికతో వదులుగా కడితే సరి; తెర కింద నుంచి దూర్చితే పరుపుకీ తెరకీ మధ్య నలిగి, తిరిగినప్పుడల్లా మాస్కును పక్కకు గుంజుతుంది.

పూర్వపక్షం

దిండు మానేస్తే పోదా? పోదు. పక్కకు తిరిగితే తల వాలి, మాస్కు మూల పరుపుకే గుచ్చుకుంటుంది. మాస్కు మారిస్తే? ఇది బలమైన ఆక్షేపణ. ముక్కు రంధ్రాలకు మాత్రమే ఆనుకుని, గొట్టం నడినెత్తి నుంచి వచ్చే రకం వాడేవారికి పద్యం సగం అక్కర్లేదు. కానీ నోటితో ఊపిరి తీసేవారు నోరూ ముక్కూ కప్పే పెద్ద తొడుగు పెట్టుకోవాల్సినవారు. వారికి దిండు బాధ ఎక్కడికీ పోదు. షాపులో మాస్కు పెట్టుకుని పడుకుని చూడటం ఎలా అంటారా? మొహమాటపడేవాడు ఇంట్లోనే తువ్వాళ్లు మడతపెట్టి ఎత్తు తేల్చుకుని, ఆ ఎత్తు టేపుతో కొలుచుకుని పోవాలి.

పాఠాంతరం, వ్యాకరణం

'కొనెడిదాన' అని మరో ప్రతిలో పాఠం. గణభంగం లేదు, అర్థభంగం అంతకన్నా లేదు. ఈ జబ్బు ఆడవాళ్లకూ వస్తుంది. వాళ్లలో చాలామంది గురక సంగతి డాక్టరుకు చెప్పుకోరు.

గొట్టము + ఊరకుండు: ఉత్వసంధి. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. గొట్టానికీ మాస్కుకీ సంధి మాత్రం వైకల్పికం, తెల్లవారుజామున ఊడిపోతుంది.

రసం

నిద్ర, సుప్తం, విబోధం మూడూ భరతుడు చెప్పిన 33 వ్యభిచారి భావాల్లోవి. ఇక్కడ ఆ మూడూ ఒక్క గంటలోనే ఎన్నోసార్లు వచ్చిపోతాయి. నిద్ర పరీక్షలో ఊపిరి ఆగినవీ తగ్గినవీ కలిపి గంటకు 5 నుంచి 15 లోపు అయితే స్వల్పం, 30 లోపు మధ్యమం, ఆపైన తీవ్రం. స్థాయీభావం గురక. దాన్ని ఆస్వాదించే సహృదయులు పక్కన పడుకున్నవారు.

ఛందస్సు

ఆటవెలది. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. పద్యంలో యతి తప్పితే దోషం. ఊపిరికి పది సెకన్ల యతి పడితేనే దోషం, ల్యాబువారు లెక్క రాసుకుంటారు. మొదటి పాదం చివర 'చూడకుండ' సగానికి విరిగి రెండో పాదంలోకి వేలాడింది. దీన్ని కొందరు శైథిల్యం అన్నారు. మాస్కు దిండు అంచు దాటి ఎంత వేలాడాలో కవి అక్కడే కొలిచి చూపించాడని మా పక్షం.