ఆత్మపరీక్షకులవారు

పెండ్లి పంక్తిలో ప్రక్క విస్తరివద్ద కూర్చున్న క్రొత్తవాడు “తమరేం చేస్తుంటారండీ?” అని మర్యాదకై యడిగినపుడు, తక్కినవారివలె ఉద్యోగము పేరు చెప్పి యూరకుండక, “నేను ఐ.ఎన్‌.టి.జె. నండీ” అని గోత్రప్రవర చెప్పువాని గాంభీర్యముతో పలికి, ఆ నాలుగక్షరముల తాత్పర్యమును పప్పు వడ్డించినది మొదలు పెరుగు వచ్చునందాక వివరింపగల మహానుభావు డొకడు మన కాలమున నవతరించినాడు. మాదాపూరులోని అద్దాల మేడలలో అంతస్తునకు ఒకరికి తక్కువ గాకుండ ఈ జాతివారు కానవచ్చుచున్నారు. సౌలభ్యమునకై వీరిని ఆత్మపరీక్షకులవా రందము.

యూంగు పండితుడు 1921లో మానవస్వభావ భేదములను గుఱించి గ్రంథము ప్రకటించుటయు, దానిని పట్టుకొని అమెరికాలోని తల్లీకూతుళ్లు కాథరిన్ బ్రిగ్సు, ఇసబెల్ మయర్సు ఒక పరీక్ష కల్పించి మానవజాతి నంతను నాలుగేసి యక్షరముల పేర్లుగల పదునాఱు రకములుగా విభజించుటయు, కేవలము తమ ప్రయోజనార్థమే జరిగినవని వారి విశ్వాసము. రెండు నెలల పిమ్మట అదే పరీక్షను మఱల వ్రాయగా ఒక యక్షరము మారినచో, పరీక్షయందే లోపమున్నదేమో యను శంక వారికి పుట్టదు. ఈ రెండు నెలలలో తాము పరిణామము చెందితిమని ఆఫీసులో మిఠాయి పంచెదరు.

1948లో ఫోరర్ అను అమెరికా ఆచార్యుడు ముప్పదితొమ్మండుగురు విద్యార్థులకు స్వభావపరీక్ష పెట్టి, ఫలితములని చెప్పి, అంగడిలో దొరకు జ్యోతిషపు పుస్తకమునుండి చాలవఱకు ఎత్తిన వాక్యములనే అందఱికిని ఒక్కటే ప్రతిగా పంచిపెట్టగా, వారు అయిదింటికి సగటున నాలుగు మార్కులకు పైగా వేసి, తమ స్వభావమును చక్కగా పట్టుకొన్నదని మెచ్చుకొనిరి. ఈ వృత్తాంతమును ఆత్మపరీక్షకులవారికి చెప్పితిరా, “నిజమేనండీ, జనం ఎంత తేలిగ్గా మోసపోతారో!” అని నొచ్చుకొని, ఆ వాక్యము లేవో అడిగి తెలిసికొని, “ఇవి మాత్రం అచ్చం నావేనండీ” అందురు.

వారి అభ్యుదయ ప్రణాళిక ఎక్సెల్ షీటులో నుండును. బలములు, బలహీనతలు, అవకాశములు, ప్రమాదములు అను నాలుగు గళ్లలో బలముల గడి చాలక ప్రక్క గడిలోనికి పొర్లుచుండును. బలహీనతలు మూడే: అతిశ్రద్ధ, నిర్మొహమాటము, ఇతరుల పనికూడ తామే నెత్తిన వేసికొనుట. ఏ విద్య తమ స్వభావమునకు తగునో తేలువఱకు ఏ విద్యయు నారంభింపరాదని సిద్ధాంతమగుటచే, అమీరుపేటలో ఉచితముగా పెట్టు డెమో క్లాసుల కన్నింటికిని హాజరై, జావా మొదలు డేటా సైన్సు వఱకు ప్రథమ పాఠములన్నియు క్షుణ్ణముగా నెఱుగుదురు. ద్వితీయ పాఠము మాత్రము ప్రపంచమున నేదియు నెఱుగరు. అయిదేండ్ల ప్రణాళికకు ఏటేట సవరణ జరుగుచుండుటచే అది యెల్లప్పుడును ప్రథమ సంవత్సరముననే యుండును.

ఐనను వారు ఒకరి మాట విననివారని యనుకొనరాదు. తోటి ఉద్యోగిని పిలిచి, కాఫీ యిప్పించి, “నాలో లోపాలేమిటో మొహమాటం లేకుండా చెప్పండి సార్” అని యడుగుదురు.

“ఏం లేదండీ, మీటింగుల్లో ఎదుటివాడు మాట పూర్తి చెయ్యకుండానే మీరు...”

“అందుకుంటాను! అదేనండీ నా చురుకుదనం,” అని బలముల గడిలో నింకొక పంక్తి చేర్చుదురు.

బెంజమిన్ ఫ్రాంక్లిను ఇట్లు చేయలేదు. సాధింపవలసిన సుగుణములను మొదట పండ్రెండే లెక్కవేసికొని, తనకు గర్వ మధికమని జనులు తలంచుచున్నారని క్వేకరు మిత్రు డొకడు చెప్పినమీదట వినయమును పదుమూడవదానిగా చేర్చి, వారమున కొక్కొక గుణముపై దృష్టి నిలిపి, తప్పిన దినమున చిన్న పుస్తకములో నల్లచుక్క పెట్టుకొనెను. ఆ పదుమూడవది తన కంటికి కనబడినది కాదు, పరుని నోట వినబడినది. ఈ కథయు మనవారికి తెలియును. పుస్తకమును కూడ కొనిరి. చుక్కలకు ఏ రంగు తమ స్వభావమునకు తగునో నిర్ణయము కావలసియున్నది.

ఇంతయు నుండగా, మార్చి నెలలో అప్రైజలు ఫారములు వెలువడినంతనే వారి బల్లచుట్టు జనము మూగును. “సార్, నాది కాస్త రాసిపెట్టండి” అని బ్రతిమాలు ప్రతివానికిని కుర్చీ వేసి, ఏడాదిలో చేసిన పనులన్నియు రాబట్టి, వాడే మఱచిన మేలును వానికి జ్ఞప్తికి తెచ్చి, మంచిని దాచక, కొఱతను నొప్పి కలుగని మాటలలో పెట్టి వ్రాసి యిత్తురు. తమ్ముగుఱించి తాము చెప్పుకొన నోరురాని కుఱ్ఱవాండ్రు కొందఱు ఆ వ్రాత పుణ్యమున జీతము పెంచుకొనిరి. ఎదుటివానిలోని గుణమును పసిగట్టి నాలుగు మాటలలో నిలుపగల యీ నేర్పు వారి షీటులోని యే గడిలోను లేదు. ఒకమారు ఒక కుఱ్ఱవాడు సాహసించి, “సార్, మీ అసలు టాలెంటు ఇదేనని మా అందరికీ...” అని చెప్పబోగా, “ఉండవయ్యా, మనమింకా నీ బలహీనతల దగ్గరే ఉన్నాం” అని కసరి, మఱల కీబోర్డుపైకి వంగిరి.