గుర్రంగారి పాస్‌పోర్టు

దర్శి చుట్టుపక్కల మిరపకాయ ధర పడిన ఏడాది పాస్‌పోర్టుకు గిరాకీ పెరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో క్వింటాలు మిర్చికి 11,781 రూపాయలని కేంద్రం లెక్క కట్టింది. కౌలు, మందులు, కోతకూలి, కోల్డ్ స్టోరేజీ అద్దె పోగా రైతు చేతిలో మిగిలేది ఇంటర్ తప్పిన కొడుకొక్కడే. వాణ్ణేం చేయాలో రైతుకు తెలియదు, మార్కెట్ యార్డుకు తెలియదు, ప్రభుత్వానికి అసలే తెలియదు. ఏజెంటుకు తెలుసు.

"గుర్రాల దగ్గర పని బాబాయ్. కష్టమేముంది? మనోడికి ఎడ్ల దగ్గర అలవాటేగా. ఏసీ షెడ్డు, షేకుగారి గుర్రాలు, ఒళ్లు రుద్దటం, మేతెయ్యటం. ఏడాది తిరక్కుండా బాకీ తీరుద్ది."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఏసీ ఉంది, గుర్రానికి. షెడ్డు ఉంది, గుర్రానికి. బాకీ తీరుతుంది, ఏజెంటుది.

గల్ఫ్ కాక, ఇంకాస్త పొలం ఉన్నవాళ్లకు అమెరికా సరుకు కూడా ఉంది. అక్కడి గుర్రాల పోటీల్లో హంటర్ అని, జంపర్ అని రెండు తరహాలు. జంపర్‌లో లెక్క సూటి. అడ్డుకర్ర పడేస్తే నాలుగు తప్పులు, టైము మించితే ఇంకొన్ని. హంటర్‌లో మాత్రం గుర్రం ఎంత ఒద్దికగా, ఎంత అందంగా దూకిందన్నది జడ్జిగారికి తోచాలి. అందుకని దాని జూలుకు ముప్పై నలభై సన్నజడలు అల్లి, ఉన్ని దారంతో మడిచి కడతారు. పోటీ పొద్దున్నే కనక అల్లకం రాత్రే సాగాలి. కన్నకూతురికి బడివేళకు ఒక్క జడ వేయడం చేతగాని మగమహారాజు, ఫ్లోరిడాలో అర్ధరాత్రి స్టూలెక్కి గుర్రానికి నలభై జడలు వేస్తాడన్నమాట. అది కదలకుండా నిలబడితే అదృష్టం. తల విదిలిస్తే మళ్లీ మొదటినుంచి. ఆ రాష్ట్రంలో వెల్లింగ్టన్ అనే ఊళ్లో జనవరి నుంచి మార్చి దాకా ఇదే తిరనాళ్ల.

ఆ కొలువుకు తీసుకెళ్లే దారుల్లో ఒకటి హెచ్-2బీ వీసా. ఏడాదికి 66,000 అని దానికో పరిమితి. తోటపనివాళ్లూ హోటల్ పనివాళ్లూ పీతలు ఒలిచేవాళ్లూ అందరూ అందులోనే సర్దుకోవాలి. దానికి దరఖాస్తు పెట్టాల్సింది యజమాని. పని ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు వసూలు చేయకూడదని అమెరికావాళ్ల నిబంధనే ఉంది. అంటే దర్శి సెంటర్లో కూర్చుని "అమెరికా గుర్రాల వీసా, పది లక్షలు" అన్నవాడు ఆ మొదటి వాక్యంలోనే అమెరికా రూలు తుంగలో తొక్కాడు. మన కుర్రాళ్లకి మరో పదవి కూడా ఉందక్కడ, వర్కింగ్ స్టూడెంట్. పేడెత్తితే స్వారీ పాఠం చెబుతారు. జీతం సంగతి అడక్కూడదు. ఇట్లాంటి ఏర్పాట్లను వెట్టిచాకిరీ అని మనం 1976లోనే చట్టం చేసి నిషేధించుకున్నాం. ఇప్పుడు అప్పుచేసి విమానమెక్కి వెతుక్కుంటూ వెళుతున్నాం.

ఇక కాగితాల సంగతి. అంతర్జాతీయ పోటీకి వెళ్లే గుర్రానికి పాస్‌పోర్టు ఉంటుంది. ఒంటిమీద మచ్చలు ఎక్కడెక్కడున్నాయో బొమ్మతో సహా గీసి ఉంటుంది. వేసిన ప్రతి టీకా తేదీతో ఉంటుంది, పశువైద్యుడి సంతకం ఉంటుంది, మెడలో చిప్పు నంబరు ఉంటుంది. గుర్రం ఎక్కడికి కదిలితే ఆ పుస్తకం దాని వెంట కదులుతుంది. దాన్ని లాక్కుని బీరువాలో పెట్టే మగాడు ఇంకా పుట్టలేదు. ఆ గుర్రాన్ని సాకే సైస్ పాస్‌పోర్టు మాత్రం దిగిన రోజే యజమాని బీరువాలోకి పోతుంది. చట్టం ఒప్పుకోదు నిజమే. బీరువా ఒప్పుకుంటుంది.

మన దేశపు గుర్రాన్ని బయటికి పంపడం ఎంత తతంగమో చూడండి. దాని ఆరోగ్యానికి పూచీ పడే కేంద్రం మన దగ్గర లేదని ఏళ్ల తరబడి పోటీలకు కదలనివ్వలేదు. చివరికి మీరట్‌లోని ఆర్మీ పశువైద్య కేంద్రాన్ని జబ్బుల్లేని ఆవరణగా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 2025 జులైలో గుర్తించాక గానీ దారి తెరుచుకోలేదు. మనిషి విషయంలో ఇంత పట్టింపు లేదు. పదో తరగతి పాసయ్యాడా? అయితే గల్ఫ్ దేశాలకు వలస అనుమతి అక్కర్లేదు, తనిఖీ అక్కర్లేదు. పది పాసైనవాణ్ణి ఎవడూ మోసం చేయలేడని మన సర్కారు నమ్మకం. పది లక్షల రూపాయల ప్రవాసీ బీమాకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు. పది తప్పినవాడికి అది తప్పనిసరి. పాసైనవాడికి ఆ బెడదా లేదు. చదువుకున్నందుకు ఏదో ఒక లాభం ఉండాలి కదా.

చట్టాల్లో గుర్రాన్ని చూసేవాడి చోటు ఎక్కడో కూడా చూద్దాం. ఎమిరేట్స్‌వాళ్లు 2022లో ఇంటిపనివాళ్ల చట్టం చేసి, ఇంట్లో గుర్రాలు చూసేవాణ్ణి వంటమనిషి, ఆయా, డ్రైవర్ వరసలో కూర్చోబెట్టారు. గుర్రం క్రీడాకారుడు, దాన్ని సాకేవాడు ఇంటి పనివాడు. సౌదీవాళ్లు 2021 మార్చిలో కఫీల్, అంటే యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు ఇస్తూ సంస్కరణ తెచ్చారు. చప్పట్లు కొట్టబోయేలోగా మినహాయింపులు చదివారు: ఇంటి పనివాళ్లు, డ్రైవర్లు, కాపలాదారులు, తోటమాలులు, పశువుల కాపరులు. అంటే మనవాళ్లు. ఆ సౌదీ రాజధాని రియాద్‌లోనే 2024 ఏప్రిల్లో జంపింగ్ ప్రపంచ కప్ ఫైనల్ దివ్యంగా జరిగింది. మూడు నెలలకే, జులైలో, కోనసీమ కుర్రాడొకడు సౌదీ ఎడారిలో ఒంటెల మధ్య నిలబడి ఏడుస్తూ వీడియో పెట్టాడు. ఖతర్‌లో పని అని తీసుకెళ్లి అక్కడ దించారట. అది మంత్రి లోకేశ్ కంట పడింది, మనిషి ఇంటికొచ్చాడు. ఆ ఇసుకలో ఫోన్ సిగ్నల్ ఉండటం వాడి జాతకబలం. సిగ్నల్ అందని చోట ఉన్నవాడికి ఏ మంత్రీ దిక్కు కాడు.

షేకుల్ని తిట్టడం తేలిక. తిట్టినకొద్దీ దేశభక్తి కూడా. కాస్త ఇటు తిరుగుదాం. 2023 సెప్టెంబర్లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టు 41 ఏళ్ల తర్వాత గుర్రపుస్వారీలో స్వర్ణం తెచ్చింది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వల్లా. గుర్రాల పేర్లూ పేపర్లలో వచ్చాయి: చిన్‌స్కీ, అడ్రినలిన్ ఫిర్‌ఫాడ్, కెమెక్స్‌ప్రో ఎమరాల్డ్, ఎట్రో. ఆ నాలుగింటి కాళ్లకు పట్టీలు కట్టి, రాత్రిళ్లు కనిపెట్టుకుని ఉన్నవాళ్ల పేర్లు చెప్పగలరా? నేనూ చెప్పలేను. ఎవరూ రాయలేదు.

మన తిరనాళ్లలో బండలాగుడు పందేలు మాత్రం ఏమన్నా తక్కువా? రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎడ్ల నోళ్లు తెరిచి చూసి విభాగాలు చేస్తాం. ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు, కొమ్ములకు నూనె, ఒంటికి మాలీషు. మైకులో యజమాని పేరు, ఊరి పేరు, బహుమతి దాత పేరు, దాత తండ్రి పేరు. గిత్తల ఫ్లెక్సీలు గిత్తలకన్నా ఎత్తు. ముక్కుతాడు పట్టుకుని, బండ పక్కన దుమ్ములో పరిగెత్తి, రొప్పుతూ కింద కూలబడిన జీతగాడి పేరు మైకులో ఎప్పుడన్నా విన్నారా? ఈ గడ్డ మీద గిత్తకు ఉన్న మర్యాద మనిషికి లేకపోబట్టే, మనిషి గుర్రం కోసం సముద్రం దాటుతున్నాడు.

గిత్తకు ఆ మర్యాద పరాయి దేశంలోనూ తగ్గలేదు సుమండీ. 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతో ఒక గిత్త బ్రెజిల్ వెళ్లింది. అక్కడి నెలోరె జాతికి మూలపురుషుల్లో ఒకటిగా దాని పేరు వంశావళుల్లో నేటికీ రాసుకుంటారు. ఆంధ్రదేశం నుంచి వెళ్లి ఇంతగా స్థిరపడ్డ ప్రవాసి నాకు తెలిసి మరొకడు లేడు. అది ఏజెంటుకు పైసా ఇవ్వలేదు, ఎక్కడైనా పనిచేసుకోవచ్చనే ఆజాద్ వీసా కొనలేదు, అకామా అనే నివాస కార్డు కోసం ఏడవలేదు.

కాబట్టి బాబాయిలూ, పొలం కాగితాలు తాకట్టు పెట్టేముందు ఏజెంటు చెప్పింది కాదు, వీసా మీద రాసింది చదవండి. అరబ్బీలో ఉంటే ఎవరి చేతైనా చదివించండి. పని పేరు, యజమాని పేరు, జీతం మూడూ ఒప్పంద పత్రంలో ఉన్నాయో లేదో చూడండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే లేచి వచ్చేయండి. లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర సేవా రుసుముగా తీసుకోగలిగేది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకుమించి ఒక్క రూపాయి అడిగినా అది నేరం. వాడికి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో కనిపిస్తుంది, చూడటానికి ఖర్చేమీ లేదు.